మైనస్ గుర్తు దగ్గర ఆగిపోయాను, గ్రూపు మారాలా?

పేరు, ఊరు బయటపెట్టవద్దని కోరుతూ ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి ఆరు పేజీల ఉత్తరం రాసింది. ఆమెను గుర్తుపట్టే వివరాలు తీసేసి సారాంశం ఇక్కడ ఇస్తున్నాను.

పదో తరగతి దాకా సొంత ఊళ్లోనే తెలుగు మీడియంలో చదువుకుంది. లెక్కల్లో ఎప్పుడూ మంచి మార్కులే. ఆ మార్కులు చూసి పట్నంలో ఒక రెసిడెన్షియల్ కాలేజీ వాళ్లు ఫీజు కొంత తగ్గించి ఎంపీసీలో సీటు ఇచ్చారు. తండ్రి కౌలు రైతు. మిగిలిన ఫీజు అప్పు తెచ్చి కట్టాడు. కాలేజీలో పాఠాలన్నీ ఇంగ్లిష్‌లోనే. మొదటి రెండు నెలలు ఎలాగో నెట్టుకొచ్చింది. ఫిజిక్స్‌లో సరళరేఖలో చలనం పాఠం మొదలయ్యాక, అందులోనూ పైకి విసిరిన బంతులు, జారవిడిచిన రాళ్ల లెక్కలు వచ్చాక ముందుకు సాగడం లేదు.

ఆమె మాటల్లోనే (జి అంటే భూమి లాగడం వల్ల కలిగే త్వరణం): "క్లాసులో సార్ పై దిక్కు ప్లస్ అన్నారు. మాకిచ్చిన మెటీరియల్‌లో కింది దిక్కు ప్లస్ అని ఉంది. హాస్టల్లో సీనియర్ అక్క 'అవన్నీ వదిలెయ్, పైకి వెళ్తే జి మైనస్, కిందకి వస్తే జి ప్లస్, అంతే' అంది. ముగ్గురు చెప్పిందీ కలిపి చేస్తే ఒక్క లెక్కకీ జవాబు రావడం లేదు. మా ఫ్రెండ్ ఒక పేజీ ఇచ్చింది, అందులో పద్నాలుగు ఫార్ములాలు ఉన్నాయి. అవన్నీ బట్టీ పట్టాను. లెక్క చూశాక ఏది వేయాలో తెలియడం లేదు."

వారాంతపు పరీక్షలో ఒక బెలూన్ లెక్క వచ్చింది. సెకనుకు 5 మీటర్ల వేగంతో పైకి పోతున్న బెలూన్ నేల నుంచి 60 మీటర్ల ఎత్తులో ఉన్నప్పుడు అందులోంచి ఒక రాయిని జారవిడిచారు. అది ఎంతసేపటికి నేలను తాకుతుంది? 'జారవిడిచారు' అన్నారు కాబట్టి తొలి వేగం సున్నా అనుకుని 3.46 సెకన్లు అని రాసింది. తప్పయింది. మర్నాడు ధైర్యం చేసి క్లాసులో ఒక ప్రశ్న అడిగింది: "పైకి విసిరిన బంతి పైన ఆగిన చోట వేగం సున్నా కదా సార్, అప్పుడు త్వరణం కూడా సున్నాయే కదా?" క్లాసంతా నవ్వింది. "ఇది కూడా తెలియకుండా ఎంపీసీ ఎందుకు తీసుకున్నావు?" అన్నారట సార్. ఆ రోజు నుంచి ఆమె క్లాసులో నోరు విప్పలేదు. ఆదివారం నాన్న ఫోన్ చేస్తే "బాగానే చదువుతున్నా" అంటోంది. రాత్రుళ్లు నిద్ర సరిగా పట్టడం లేదు. ఇంటికి వెళ్లిపోయి దగ్గర్లోని ప్రభుత్వ జూనియర్ కాలేజీలో సీఈసీలో చేరదామా అని ఆలోచిస్తోంది. చివర్లో అడిగింది: "ఫిజిక్స్ అర్థం చేసుకునే బుర్ర నాకు లేదా? నేను గ్రూపు మారాలా?"

అమ్మా,

ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పినదాన్ని. నీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపింది బెలూన్ లెక్క కాదు, క్లాసంతా నవ్విన ఆ ప్రశ్న. ముందు దాని సంగతే చూద్దాం.

ఆ ప్రశ్న చాలామందికి వస్తుంది, అడిగేవాళ్లు మాత్రం తక్కువ. అది రాకుండా ఈ పాఠం దాటిపోయిన పిల్లలు 'జి విలువ 9.8' అని రాసేస్తారు గానీ, ఆ 9.8 దేన్ని చెబుతోందో వాళ్లకు తెలియదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక అబ్బాయి అచ్చం ఇదే అడిగాడు. సిలబస్ అయిపోవాలన్న తొందరలో "తర్వాత చెప్తా, కూర్చో" అన్నాను. తర్వాత చెప్పలేదు. ఆ పిల్లాడు మళ్లీ ఏదీ అడగలేదు. నీ ఉత్తరం చదువుతుంటే అతని ముఖమే గుర్తొచ్చింది. అతనికి చెప్పాల్సింది ఇప్పుడు నీకు చెబుతాను.

బంతి పైకి వెళ్తోంది. ఇంకొక్క సెకనులో పై కొసకు చేరుతుందనగా దాని వేగం పైకి సెకనుకు 9.8 మీటర్లు. కొసకు చేరిన క్షణంలో సున్నా. ఇంకో సెకను తర్వాత కిందకి 9.8. పై దిక్కును ప్లస్ అనుకుంటే వరసగా +9.8, 0, −9.8. మొదటి సెకనులో వేగం ఎంత మారింది? 9.8 తగ్గింది. రెండో సెకనులో? మళ్లీ 9.8 తగ్గింది. త్వరణం అంటే ఆ మార్పే. వేగం ఎంత ఉందన్నది ఒక ప్రశ్న, అది ఎంత చొప్పున మారుతోందన్నది ఇంకో ప్రశ్న. పై కొస దగ్గర వేగం సున్నా గుండా దాటిపోతుందే తప్ప అక్కడ నిలిచిపోదు. నువ్వన్నట్టు అక్కడ త్వరణం కూడా సున్నా అయితే వేగం మారడానికి కారణమే ఉండదు. సున్నా సున్నాగానే ఉండిపోతుంది. అంటే బంతి అక్కడే గాల్లో వేలాడాలి. అది మళ్లీ నీ చేతిలోకి వస్తోందంటే పైన కూడా భూమి దాన్ని అంతే గట్టిగా లాగుతోందన్నమాట.

చరిత్రలో ఒక సంగతి చెబుతాను, నీకు ధైర్యం కోసం. 1604లో గెలీలియో పాడువా విశ్వవిద్యాలయంలో లెక్కలు బోధిస్తున్నాడు, వయసు నలభై. ఆ ఏడాది మిత్రుడు పావొలో సార్పికి రాసిన ఉత్తరంలో, కిందకి పడే వస్తువు వేగం అది పడిన దూరాన్ని బట్టి పెరుగుతుందని రాశాడు. అది తప్పు. వేగం పెరిగేది గడిచిన కాలాన్ని బట్టి. ఆ సంగతి ఆయన తర్వాత గ్రహించాడు. వాలుగా పెట్టిన చెక్క గాడిలో కంచు గోళీని దొర్లించి, సన్నటి ధారగా పడే నీటిని తూచి కాలాన్ని కొలిచిన ప్రయోగంతో సహా దాన్ని పుస్తకంగా అచ్చు వేసేసరికి 1638. అప్పటికి ఆయనకు 74 ఏళ్లు. వేగం, దూరం, కాలం, ఇవి ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి కనిపించడం నీ ఒక్కదానికే జరిగింది కాదు. అంతటి మనిషికి ఏళ్లు పట్టిన విషయం నీకు కొద్దికాలంలోనే, కొత్త భాషలో చెప్పారు. చిక్కు పడటం సహజం.

ఇప్పుడు ప్లస్సు, మైనస్సు. మీ సార్ చెప్పింది సరైనదే. మెటీరియల్‌లో ఉన్నదీ సరైనదే. సీనియర్ అక్క చెప్పింది ఒక షరతు మీద సరైనది, ఆ షరతు తను చెప్పలేదు. నీకు తప్పు పాఠం ఎవరూ చెప్పలేదు, మూడు పాఠాలూ కలిసిపోయాయి, అంతే. మైనస్ గుర్తు ఆకాశంలోనూ లేదు, భూమిలోనూ లేదు. జి తనంతట తాను మైనస్సూ కాదు, ప్లస్సూ కాదు. లెక్క మొదలుపెట్టేముందు 'ఈ దిక్కును ప్లస్ అంటాను' అని నువ్వు గీసే బాణం నుంచే ఆ గుర్తు వస్తుంది. ఊళ్లో పొలం కొలిచేటప్పుడు ఏ గట్టు నుంచి మొదలుపెట్టామో ముందే అనుకుంటాం కదా, ఇదీ అంతే. ఏ గట్టు నుంచైనా కొలవొచ్చు, మధ్యలో మాత్రం గట్టు మార్చకూడదు.

నీ బెలూన్ లెక్కనే మూడు పద్ధతుల్లోనూ చేసి చూపిస్తాను. నోట్సు తీసుకుని పక్కనే నువ్వూ చెయ్యి. జి విలువ 10 అనుకుందాం.

మొదట అసలు తప్పు. నువ్వు తొలి వేగం సున్నా అనుకున్నావు. 'జారవిడిచారు' అంటే చెయ్యి వదిలేసింది అని మాత్రమే అర్థం, వేగం సున్నా అని కాదు. వేగంగా పోతున్న ట్రాక్టర్ ట్రక్కు మీద కూర్చుని గడ్డిమోపు ఊరికే వదిలేస్తే అది వదిలిన చోటే పడుతుందా? ట్రాక్టర్ వేగం దానికీ ఉంటుంది కాబట్టి కొంత ముందుకు పోయి పడుతుంది. రాయి సంగతీ అంతే. చెయ్యి వదిలే క్షణం దాకా అది బెలూన్‌తోపాటు సెకనుకు 5 మీటర్ల వేగంతో పైకి పోతోంది. వదిలిన క్షణంలోనూ దాని వేగం అదే. నేల మీద నిలబడి చూసేవాళ్లకు ఆ రాయి ముందు ఇంకాస్త పైకి వెళ్లి, ఆగి, అప్పుడు కిందకి రావడం కనిపిస్తుంది. నువ్వు రాసిన 3.46 సెకన్లు ఉందే, అది కదలకుండా నిలిచి ఉన్న బెలూన్‌కి సరైన జవాబు. నీ గుణకారాల్లో తప్పు లేదు. వేరే లెక్క చేశావు.

మీ సార్ పద్ధతి: పై దిక్కు ప్లస్. రాయి వదిలిన చోటే మొదలు. తొలి వేగం పైకి ఉంది కాబట్టి +5. భూమి లాగేది కిందకి, కాబట్టి త్వరణం −10. రాయి చివరికి చేరేది మొదలు కన్నా 60 మీటర్లు కింద, కాబట్టి స్థానభ్రంశం −60. పిల్లలు ఎక్కువగా తప్పు చేసేది ఈ చివరి అంకె దగ్గరే, ఎత్తు కదా అని ప్లస్ 60 వేసేస్తారు. స్థానభ్రంశం అంటే రాయి తిరిగిన దారి పొడవు కాదు, మొదలు నుంచి చూస్తే చివరికి ఎక్కడ ఉందన్నది. ఇప్పుడు చలన సమీకరణాల్లో రెండోది, ఎస్ = యుటీ + సగం ఏటీ² (ఎస్ స్థానభ్రంశం, యు తొలి వేగం, ఏ త్వరణం, టీ కాలం). వేస్తే −60 = 5టీ − 5టీ². అన్నిటినీ 5తో భాగిస్తే టీ² − టీ − 12 = 0. కారణాంకాలు తీస్తే టీ = 4 లేదా −3. జవాబు 4 సెకన్లు.

మెటీరియల్ పద్ధతి: కింది దిక్కు ప్లస్. తొలి వేగం −5, త్వరణం +10, స్థానభ్రంశం +60. అప్పుడు 60 = −5టీ + 5టీ². సర్దిచూడు, అదే సమీకరణం వస్తుంది. మూడు గుర్తులూ ఒకేసారి తిరగబడ్డాయి కాబట్టి జవాబు మారలేదు. నీ ఫ్రెండ్ ఇచ్చిన పేజీలో 'టవర్ మీద నుంచి పైకి విసిరితే హెచ్ = సగం జిటీ² − యుటీ' అని ఒకటి ఉండే ఉంటుంది. అది వేరే ఫార్ములా కాదు, కింది దిక్కు ప్లస్ అనుకుని రాసిన అదే రెండో సమీకరణం. దాంట్లో గుర్తులు ముందే వేసేసి ఉంటాయి. నువ్వు మళ్లీ జి దగ్గర −10 వేస్తే మైనస్ రెండుసార్లు పడుతుంది. నీ జవాబులు చెడిపోతున్నది చాలావరకు ఇక్కడేనని నా అనుమానం.

సీనియర్ అక్క పద్ధతి: ఇది పనిచేయాలంటే ప్రయాణాన్ని రెండు ముక్కలు చేయాలి. పైకి వెళ్లే ముక్క: వేగం 5 నుంచి సున్నాకి, సెకనుకు 10 చొప్పున తగ్గుతోంది. అంటే అర సెకను పడుతుంది. ఆ అర సెకనులో ఎక్కేది 1.25 మీటర్లు. ఇప్పుడు రాయి 61.25 మీటర్ల ఎత్తులో, వేగం సున్నాతో ఉంది. కిందకి వచ్చే ముక్క: 61.25 = 5టీ², అంటే టీ² = 12.25, టీ = 3.5. మొత్తం 0.5 + 3.5 = 4 సెకన్లు. ఇదీ సరిపోయింది. ప్రతి ముక్కలోనూ రాయి పోయే దిక్కునే ప్లస్ అనుకుంటున్నాం, అందుకే పైకి జి మైనస్, కిందకి ప్లస్. అక్క చెప్పని షరతు ఇదే: ముక్కలు చేస్తేనే ఆ మాట చెల్లుతుంది. మొత్తం ప్రయాణానికి ఒకే సమీకరణం వేసి, మధ్యలో 'ఇప్పుడు కిందకి వస్తోంది కదా' అని గుర్తు మార్చావా, ఇక ఆ లెక్క ఎటూ తేలదు.

ఆ −3ని ఊరికే కొట్టేయమంటారు. పరీక్షలో కొట్టెయ్యి, ఇక్కడ మాత్రం ఒక్క నిమిషం చూడు. సమీకరణానికి బెలూన్ గురించి తెలియదు. ఈ రాయి ఈ క్షణంలో 60 మీటర్ల ఎత్తులో, పైకి 5 వేగంతో ఉందని మాత్రమే తెలుసు. అలా ఉండాలంటే అది బెలూన్‌లోంచే రావాలని ఏముంది? మూడు సెకన్ల ముందు నేల మీద నుంచి ఎవరైనా సెకనుకు 35 మీటర్ల వేగంతో పైకి విసిరినా ఇప్పుడు సరిగ్గా ఇక్కడే, ఇదే వేగంతో ఉంటుంది. 35 × 3 లోంచి 5 × 9 తీసెయ్యి, 60 వస్తుంది. నాలుగు సెకన్ల తర్వాత నేలను తాకేటప్పుడు రాయి వేగం కూడా 35ఏ, దిక్కు మాత్రం కిందకి. నాకు ఈ పాఠంలో అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే. పిల్లలు దీన్ని చూడకుండా దాటిపోతే నాకు ఇప్పటికీ మనసు ఒప్పదు.

నీ ఇబ్బందిలో సగం భాషది. తెలుగులో ఆలోచించే పిల్లకు ఈ లెక్కల్లో వచ్చే ఇంగ్లిష్ మాటలు ఇరవై కూడా ఉండవు, వాటికి నోట్సులో ఒక పేజీ కేటాయించు. 'ఫ్రమ్ రెస్ట్' అంటే తొలి వేగం సున్నా. 'డ్రాప్డ్' అంటే ఊరికే వదిలారు. దేనిమీద నుంచి వదిలారో చూడాలి, అది కదులుతుంటే దాని వేగమే రాయి తొలి వేగం. 'మ్యాగ్జిమమ్ హైట్' అని కనబడితే అక్కడ వేగం సున్నా. 'జస్ట్ బిఫోర్ హిటింగ్ ద గ్రౌండ్' దగ్గర జాగ్రత్త. నేల మీద పడ్డాక రాయి ఆగిపోతుంది కదా అని తుది వేగం సున్నా వేసే పిల్లలను లెక్కలేనంత మందిని చూశాను. రాయిని ఆపింది నేల. మన సమీకరణాలు నేల తగలబోయే క్షణం దాకానే చెల్లుతాయి, ఆ క్షణంలో వేగం అన్నిటికన్నా ఎక్కువ. ఇక లెక్కలో 'రెండు కిలోల రాయి' అని బరువు ఇస్తే కంగారుపడకు. గాలి అడ్డు లేదనుకుంటే బరువుతో పని లేదు. 1971 ఆగస్టు 2న గాలి లేని చంద్రుడి మీద అపోలో 15 వ్యోమగామి డేవిడ్ స్కాట్ ఒక చేత్తో సుత్తి, ఇంకో చేత్తో డేగ ఈక పట్టుకుని ఒకేసారి వదిలితే రెండూ ఒకేసారి నేల తాకాయి.

ఆ పద్నాలుగు ఫార్ములాల పేజీ చింపేయమని చెప్పను. రోజుకు రెండేసి తీసుకుని, అవి మూడు చలన సమీకరణాల్లో (వి = యు + ఏటీ, ఎస్ = యుటీ + సగం ఏటీ², వి² = యు² + 2ఏఎస్; వి అంటే తుది వేగం) దేంట్లోంచి, ఏమనుకుంటే వచ్చాయో కింద రాయి. గరిష్ఠ ఎత్తు యు² / 2జి ఎలా వచ్చింది? మూడో సమీకరణంలో తుది వేగం సున్నా వేస్తే. విసిరిన చోటికే తిరిగి రావడానికి పట్టే కాలం 2యు / జి? రెండో దాంట్లో స్థానభ్రంశం సున్నా వేస్తే. వారంలో ఆ పేజీ నీకు లొంగుతుంది. ఎంట్రన్స్ పరీక్షలో వేగం కావాలి కాబట్టి అవి గుర్తుండటం మంచిదే, కానీ ఎక్కడివో తెలిసినవి మాత్రమే అక్కరకొస్తాయి.

ఈసారి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఒక పని చెయ్యి. రెండు మీటర్ల దారం తీసుకుని ఒక కొసన ఒక ఇనప నట్టు కట్టు. అక్కడి నుంచి 10, 40, 90, 160 సెంటీమీటర్ల దగ్గర ఒక్కొక్కటి కట్టు. నేల మీద స్టీలు పళ్లెం బోర్లించి, కొసన ఉన్న నట్టు పళ్లేనికి ఆనేలా దారాన్ని నిలువుగా పట్టుకుని వదులు. టక్, టక్, టక్, టక్ అని సమానమైన విరామాలతో వినబడుతుంది. నట్ల మధ్య దూరాలు చూస్తే 10, 30, 50, 70. సమానమైన కాలాల్లో పడే దూరాలు 1, 3, 5, 7 నిష్పత్తిలో ఉంటాయని నీ మెటీరియల్‌లో ఉన్నది ఇదే. ఇంకో దారానికి సమాన దూరాల్లో కట్టి వదిలిచూడు, చప్పుళ్లు దగ్గరదగ్గరగా వచ్చేస్తాయి. చెవితో విన్నది పరీక్ష హాల్లో మర్చిపోవడం కష్టం.

ఇక గ్రూపు సంగతి. నిర్ణయం నీది, మీ ఇంటివాళ్లది. ఏ దారిలో ఏముందో నాకు తెలిసినంత చెబుతాను.

ఉన్నచోటే ఉండి ఒక నెల రోజులు ఈ పాఠాన్ని మొదటి నుంచి కట్టుకోవడం ఒక దారి. రోజూ స్టడీ అవర్‌లో ఒక గంట, మూడు లెక్కలు, ప్రతిదానికీ బొమ్మ, బాణం, మూడు గుర్తులు రాశాకే సమీకరణం. దీనికీ ఒక ఖర్చు ఉంది. ఆ నెలలో కొత్త పాఠాలు ముందుకు పోతుంటాయి, వారాంతపు పరీక్షల్లో ర్యాంకు పడిపోవచ్చు, మీ కాలేజీలో ర్యాంకును బట్టి సెక్షన్లు మారిస్తే కింది సెక్షన్‌లో వేయవచ్చు. అది బాధగానే ఉంటుంది. కానీ ఈ పాఠంలో దిక్కులు, గుర్తులు పట్టుబడితే తర్వాత వచ్చే ప్రక్షేపకాలు, న్యూటన్ నియమాలు సగం తేలికవుతాయి. పట్టుబడకుండా దాటితే ఇదే చిక్కు అక్కడా ఎదురొస్తుంది.

మీ సార్‌ని స్టాఫ్ రూమ్‌లో విడిగా కలవడం దీంతోపాటే చేయదగిన పని. ఆయన అన్న మాట తప్పు. దాన్ని నేను సమర్థించను. అయినా వందమంది ముందు ఒకలా ఉండే లెక్చరర్ ఒక్క పిల్లతో వేరేలా ఉండటం నేను చూశాను. "ఫిజిక్స్ అర్థం కావట్లేదు సార్" అనకు. బెలూన్ లెక్క బొమ్మ వేసుకుని వెళ్లి, "ఇక్కడ స్థానభ్రంశం మైనస్ వేశాను, సరేనా సార్?" అని అడుగు. అలాంటి ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. మళ్లీ కసురుకుంటే ఇంకో సెక్షన్ లెక్చరర్ దగ్గరకు వెళ్లు, తప్పు లేదు.

మూడోది నువ్వు ఆలోచించనిది: ఎంపీసీలోనే ఉండి కాలేజీ మారడం. నువ్వు చెప్పిన ప్రభుత్వ కాలేజీలో ఎంపీసీ కూడా ఉందేమో, ఉంటే తెలుగు మీడియం ఉందేమో కనుక్కో. ఇంటి దగ్గర ఉంటావు, అప్పు పెరగదు, నీ భాషలో వింటావు. అయితే ఎంట్రన్స్‌కి రోజూ వెంటపడి చదివించేవాళ్లు ఉండరు, ఆ పని నువ్వే చేసుకోవాలి. కట్టిన ఫీజులో ఎంత తిరిగి ఇస్తారో, టీసీ ఎప్పుడు ఇస్తారో వెళ్లకముందే స్పష్టంగా అడగండి. నోటిమాట నమ్మవద్దు, కాగితం మీద రాయించుకోండి.

సీఈసీ తక్కువ చదువు కాదు. కామర్స్, పౌరశాస్త్రం, అర్థశాస్త్రం ఇష్టపడి చదివి అకౌంట్స్‌లోకి, లా లోకి, గ్రూప్స్ ఉద్యోగాల్లోకి వెళ్లిన పిల్లలు నాకు ఎందరో తెలుసు. కానీ నీ ఉత్తరంలో ఆ సబ్జెక్టుల మీద ఇష్టం గురించి ఒక్క వాక్యం లేదు. ఎంపీసీ చదివి తర్వాత బీకాం వైపో, లా వైపో వెళ్లవచ్చు. సీఈసీ చదివి నేరుగా ఇంజినీరింగ్‌కి వెళ్లే దారి ఉండదు. నీకు నిజంగా అటే ఇష్టమైతే ఇప్పుడే మారడం మేలు, ఆలస్యమైతే అక్కడి పాఠాలూ దాటిపోతాయి. మారడానికి గడువు ఎప్పటిదాకానో ఈ వారమే ప్రిన్సిపాల్ ఆఫీసులో కనుక్కో. నెల రోజుల ప్రయత్నం ఆ గడువు లోపల పూర్తయ్యేలా చూసుకో.

ఏ దారి పట్టినా నాన్నకు చెప్పక తప్పదు. అప్పు తెచ్చి కట్టాడు కాబట్టి చెప్పలేకపోతున్నావని నాకు తెలుసు. ఆయన బాధపడతాడు, కొన్నాళ్లు కంగారు కూడా పడతాడు. మార్కుల మెమో చూసి తెలుసుకుంటే అంతకన్నా ఎక్కువ బాధపడతాడు. ఈ ఆదివారం ఇంతే చెప్పు: "నాన్నా, ఫిజిక్స్ కష్టంగా ఉంది. ఒక నెల ఇలా ప్రయత్నిస్తా. అప్పటికీ కాకపోతే మనిద్దరం కూర్చుని మాట్లాడుకుందాం." ఎండిన పంట చూసి మళ్లీ విత్తనం వేసే మనిషికి ఇది అర్థం కాకపోదు.

నిద్ర సంగతి నువ్వు ఒక్క వాక్యంలో రాసి వదిలేశావు. నేను వదలను. నిద్ర లేకపోవడం ఇలాగే కొనసాగినా, అన్నం సయించకపోయినా, బతకడం దండగ అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా నెల ఆగవద్దు. అదే రోజు ఇంటికి ఫోన్ చెయ్యి, వార్డెన్‌కి చెప్పు. ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు. అలాంటప్పుడు కాలేజీ వదిలి ఇంటికి రావడం ఓడిపోవడం కానే కాదు.

బుర్ర లేదా అని అడిగావు. ముగ్గురు చెప్పినవీ కలిపితే పొసగడం లేదని నువ్వు గమనించావు. పై కొస దగ్గర త్వరణం గురించి నీ అంతట నువ్వే ఆలోచించావు. తప్పయిన లెక్కను అంకెలతో సహా గుర్తుపెట్టుకుని నాకు రాశావు. ఫిజిక్స్‌కి కావలసిన బుర్ర ఇదే తల్లీ.

ఒక లెక్క ఇస్తున్నాను. 40 మీటర్ల ఎత్తున్న భవనం పైనుంచి ఒక రాయిని జారవిడిచారు, భవనం కదలడం లేదు. అదే క్షణంలో నేల మీద నుంచి ఇంకో రాయిని సెకనుకు 20 మీటర్ల వేగంతో నిట్టనిలువుగా పైకి విసిరారు. జి విలువ 10. రెండూ ఎప్పుడు, ఎంత ఎత్తులో కలుస్తాయి? రెండు రాళ్లకూ ఒకే బాణం వాడు. కలిసే క్షణంలో కింది నుంచి వచ్చిన రాయి వేగం ఎంత, త్వరణం ఎంత అన్నది కూడా కింద రాసి, ఆ కాగితం తీసుకుని మీ సార్ దగ్గరకు వెళ్లు. నాకూ ఒక కాపీ పంపు.